పళ్ళు నూరేది ఎవరి మీద

భార్య ఆ మాట అడిగేటప్పటికి అతను అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. ముఖం సగం నురగలో ఉంది.

"రాత్రి మళ్ళీ పళ్ళు నూరారు," అందామె తలుపుకి ఆనుకుని. "కరకరమని, బండ మీద బల్ల ఈడ్చినట్టు. ఇంతకీ ఎవరి మీద?"

"ఎవరి మీద ఏమిటి?"

"పళ్ళు ఊరికే నూరరు కదండీ ఎవరూ. ఎవరో ఒకరి మీద నూరతారు."

అతనికి నవ్వొచ్చింది. నురగ నోట్లోకి పోతుందని ఆపుకున్నాడు. నిజానికి అతని బతుకుతెరువే పళ్ళు. డాక్టరు కాదు. డాక్టర్లు జనం నోళ్ళలోంచి తీసి పంపే అచ్చుల్లో ప్లాస్టరు పోసి, గట్టిపడ్డాక ఆ దవడల మీద కట్టుడు పళ్ళూ తొడుగులూ తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. మనిషి ముఖం కనబడదు. దవడ ఒక్కటే వస్తుంది, మీద ఒక నంబరుతో. నిద్రలో పళ్ళు నూరేవాళ్ళ దవడలు కూడా తరచుగా వస్తుంటాయి. కొండల్లా నిక్కి ఉండాల్సిన మొనలు అరిగి చదునై, రోడ్డు రోలరు తిప్పిన నేలలా ఉంటాయి. వాటికి అద్దంలాంటి తొడుగు చేసి పంపుతారు. రాత్రి అది పెట్టుకుని పడుకుంటే పళ్ళకి బదులు తొడుగు అరుగుతుంది. అలాంటి దవడ చేతిలోకి వచ్చినప్పుడు "పాపం, ఎవరి మీదో" అనుకోవడం ల్యాబులో అందరికీ అలవాటు.

ఇప్పుడా మాట అతన్ని వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది.

"అది కోపం కాదు. ఒత్తిడి," అన్నాడు కత్తి కడుక్కుంటూ.

"పేరు మారిస్తే చప్పుడు తగ్గుతుందా?" అని, కణతలు రెండు వేళ్ళతో నొక్కుకుంటూ ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళుగా పొద్దున లేస్తూనే ఆమెకి తలనొప్పి. నిద్ర చాలక, అనుకున్నాడతను. నా వల్లే.

అతన్ని తెలిసినవాళ్ళెవరూ అతను పళ్ళు నూరతాడంటే నమ్మరు. ల్యాబులో అతన్ని ఫ్రిజ్జు అంటారు. ఆస్పత్రుల నుంచి వచ్చే డబ్బాల్లో అర్జెంటువాటికి ఎర్ర స్టిక్కరు అతికిస్తారు. కొన్నాళ్ళకి ప్రతి డబ్బా మీదా ఎర్ర స్టిక్కరే వచ్చేసరికి, నిజంగా అర్జెంటువాటికి పసుపు స్టిక్కరు పెట్టారు. ఇప్పుడు అన్నీ పసుపువే వస్తున్నాయి. మిగతావాళ్ళు ఫోన్లో అరుస్తారు, మైనం దీపం దగ్గర వేళ్ళు కాల్చుకుంటారు, ఓనర్ని తిట్టుకుంటారు. అతను మాత్రం వచ్చిన డబ్బాని వచ్చిన వరసలో తీసుకుని, తల వంచుకుని పని చేసుకుపోతాడు.

ఒకప్పుడు ల్యాబుకి ఓనరు ఒక పెద్దమనిషిని పిలిపించి ఒత్తిడి గురించి ఉపన్యాసం ఇప్పించాడు. అందరూ ఆవలించారు. అతను ఒక్కడే విన్నాడు. పనిలో చికాకుని గుమ్మం బయట వదిలి ఇంట్లో అడుగుపెట్టాలన్న మాట అతనికి బాగా నచ్చింది. నచ్చిన మాటని అక్షరాలా పాటించే రకం అతను. గుమ్మం పక్కనే కుళాయి ఉంది. రోజూ సాయంత్రం దాని కింద మోచేతుల దాకా ప్లాస్టరు కడుక్కుంటాడు. ఆ తెల్లనీళ్ళతో పాటు ఆ రోజు చికాకూ కాలవలోకి పోయినట్టు లెక్క. లోపలికి వచ్చాక ల్యాబు గురించి ఒక్క మాట ఎత్తడు. ఇంట్లోవాళ్ళ పళ్ళ వైపు చూడడు, అదీ పనే కాబట్టి. ల్యాబులోని మిషన్ల రొద చెవుల్లో మిగిలిపోకుండా రాత్రి రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని పడుకుంటాడు. పడుకుంటే మొద్దు నిద్ర.

తన ప్రశాంతత మీద అతనికి కాస్త గర్వం కూడా ఉంది. అందుకే భార్య మాట ముల్లులా గుచ్చుకుంది. పగలంతా ఇంత జాగ్రత్తగా కడిగేసుకుంటున్నది రాత్రి నోట్లోంచి బయటపడుతోందంటే, తనలో తనకి తెలియని మనిషి ఎవరో కాపురం ఉంటున్నట్టే కదా. ఆ మనిషి ఎవరి మీద పళ్ళు నూరుతున్నాడో అతనికే తెలియదు. ఓనరు మీద అనుకుని చూశాడు. కోపం రాలేదు. పసుపు స్టిక్కర్లని తలుచుకున్నాడు. విసుగు వచ్చింది గానీ, పళ్ళు నూరేటంత కాదు.

భార్య మాత్రం వదల్లేదు.

"మా నాన్న మీదా?" అంది ఒక సాయంత్రం, గొంతు తగ్గించకుండానే. ఆమె తండ్రి వాళ్ళతోనే ఉంటాడు. చెవులు సరిగ్గా వినపడవు. రాత్రి చెవిలో మిషనూ, అల్లుడు చేసిచ్చిన కట్టుడు పళ్ళూ తీసి గ్లాసు దగ్గర పెట్టుకుని, ప్రపంచంతో సంబంధం తెంపేసుకుని నిద్రపోతాడు.

"ఛ, ఆయన మీద నాకెందుకు?"

"పోనీ మా అక్క మీదా? కిందటిసారి వచ్చినప్పుడు మీ కుర్చీలో కూర్చుంది."

"కుర్చీ మీద పళ్ళు నూరతారా ఎవరైనా?"

"మరి మిగిలింది నేనేగా."

అతను ఏమీ అనలేదు. ఏమన్నా తప్పే అవుతుందనిపించింది. ఆమె ఆ మౌనాన్ని సమాధానం కింద జమ కట్టుకుంది.

ఆ రాత్రి నుంచి దిండూ దుప్పటీ పట్టుకుని హాల్లో సోఫా మీదికి మారింది. కనీసం ఆమెకి నిద్రయినా పడుతుందిలే అనుకున్నాడతను. మర్నాడు పొద్దున టీ కప్పు ముందు ఆమె కళ్ళు మరీ ఎర్రగా ఉన్నాయి.

"హాల్లోకి కూడా వినిపించింది," అంది. "గది తలుపు వేసే ఉంది. అయినా పక్కనే ఉన్నట్టు, నా చెవి దగ్గరే. అంత కసా మీకు నా మీద?"

"నేను..."

"వద్దు. మీకు కోపం వస్తే వచ్చిందనైనా చెప్పరు. చెబితే పోట్లాడొచ్చు. ఆదివారం నాన్నని తీసుకుని అక్క దగ్గరికి వెళ్తున్నాను. మీకు మాట వచ్చిన రోజున ఫోను చెయ్యండి. అప్పుడొస్తాను. రాకపోతే లేదు."

ఆమె అరవలేదు. నగరమంతటికీ నీళ్ళు సరఫరా చేసే ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు తీయడం ఆమె ఉద్యోగం. గొంతు పెంచకూడదన్నది అక్కడి మొదటి నియమం. తిట్టినవాడికి కూడా చివర్లో "ఇంకేమైనా సహాయం కావాలాండీ?" అనాలి. ఈ మాట కూడా ఆమె అదే గొంతుతో అంది. అందుకే అతనికి భయమేసింది.

ఆ రోజు భోజనాల వేళ ల్యాబులో అతను తన నోటికి తనే అచ్చు తీసుకున్నాడు. తొడుగు చేసి పెట్టుకుంటే చప్పుడు ఆగుతుంది, చప్పుడు ఆగితే ఆమె ఆగుతుంది. అతని ఆలోచన అంతవరకే. అచ్చు ముద్ద కలిపి, నోట్లో పట్టే చిన్న పళ్ళెంలో పెట్టి, కొరికి పట్టుకుని, ముక్కుతో ఊపిరి తీస్తూ కూర్చున్నాడు. అచ్చులో ప్లాస్టరు పోశాడు. గట్టిపడ్డాక విప్పి, బల్ల దీపం కింద పెట్టాడు.

ఒక్కో మొననీ వేలితో తడిమి చూశాడు.

పక్క బల్ల మీద పళ్ళకి పింగాణీ పూసే మిత్రుడు మెడ చాచాడు. అతన్ని అందరూ పింగాణీ అనే పిలుస్తారు. "ఎవరివి గురూ, ఇంత ముద్దుగా ఉన్నాయి? కుర్రాడెవడైనా పెళ్ళికి సిద్ధమవుతున్నాడా?"

"నావి."

"నీవా!" పింగాణీ దవడని చేతిలోకి తీసుకుని వెలుతురుకేసి తిప్పాడు. "నువ్వు అన్నం నములుతావా, మింగేస్తావా? ఒక్క మొన కూడా అరగలేదు. పుట్టినప్పటినుంచి దేన్నీ గట్టిగా కొరికినట్టు లేవు."

పింగాణీ మెచ్చుకుంటూనే అన్నాడు. అతనికి మాత్రం మెప్పులా వినిపించలేదు.

ముందు కలిగింది తేలికదనం. నిర్దోషి అని తీర్పు విన్నవాడి తేలికదనం. నూరేది తను కాదు. తనలో ఎవరూ దాక్కుని లేరు. ఇంటికెళ్ళి ఈ దవడ చూపిస్తే చాలు, వ్యవహారం తేలిపోతుంది. తర్వాత మెల్లిగా, గట్టిపడే ప్లాస్టరు వేడెక్కినంత మెల్లిగా, రెండో ఆలోచన వచ్చింది. తను కాకపోతే ఎవరు? ఇంట్లో ఉన్నది ముగ్గురు. ఒకాయన పళ్ళు గ్లాసులో ఉంటాయి.

హాల్లోకి మారితే చప్పుడూ హాల్లోకి మారింది. పక్కనే ఉన్నట్టు. నా చెవి దగ్గరే.

ఆమె తలనొప్పి గుర్తొచ్చింది. ఈమధ్య ఆపిలు పండు కొరక్కుండా పల్చటి ముక్కలు కోసుకు తింటోంది. నాజూకు నేర్చుకుందని మనసులో నవ్వుకున్నాడు. దవడ కింద చెయ్యి పెట్టుకుని టీవీ చూస్తుంటే అలిసిపోయిందనుకున్నాడు. ఊరూ పేరూ తెలియని మనుషుల నోళ్ళని దీపం కింద పెట్టి చదివినవాడు, రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి నోటి వైపు చూడలేదు. చూడకూడదని నియమం పెట్టుకున్నాడు మరి.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె సాయంత్రాలు ఫోన్ల కబుర్లు చెప్పేది. వాడిలా అన్నాడు, ఈవిడిలా ఏడ్చింది, పైఅధికారిణి ఇలా అంది అని. "అవన్నీ గుమ్మం బయటే వదిలెయ్యి, నాలాగా," అని ఆమెకి నేర్పింది తనే. ఆమె నేర్చుకుంది. కబుర్లు ఆగిపోయాయి. తన పద్ధతి పనిచేసిందని అప్పట్లో సంతోషించాడు కూడా.

దవడని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాడు. ఆ రోజు ఇంటికి తీసుకెళ్ళలేదు. మర్నాడూ తీసుకెళ్ళలేదు.

మనిషికి తన భయం పేరు వెంటనే తెలియదు. ఆమె నొచ్చుకుంటుందేమో, అందుకే చెప్పడం లేదనుకున్నాడు మొదట. అది నిజం కాదని అతనికే తెలుసు. చెప్పాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఆమె అతన్ని అడిగిన ప్రశ్నే. ఈసారి అడగాల్సింది అతను, చెప్పాల్సింది ఆమె. ఆ సమాధానం తనే కావచ్చు. ఇంకా సుళువైన దారి ఒకటి కూడా కనిపించింది. నూరేది నేనే అని ఒప్పేసుకుని, అక్కర్లేని తొడుగొకటి నోట్లో పెట్టుకుని, జీవితాంతం క్షమాపణ చెబుతూ గడిపెయ్యొచ్చు. ఆ పని తనకి బాగా చేతనవును. అంత బాగా చేతనవుతుందని తోచినప్పుడు తన మీద తనకే కొంచెం అసహ్యం వేసింది.

శనివారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి సోఫా మీద సంచి తెరిచి ఉంది. ఆమె తండ్రి చొక్కాలు మడతపెడుతోంది. ఆయన బల్ల దగ్గర టీ తాగుతున్నాడు. అతను గుడ్డ విప్పి దవడని బల్ల మీద పెట్టాడు.

"ఏమిటిది?" అంది ఆమె.

"నా పళ్ళు."

"నోట్లో ఉన్నవి చాలలేదా అల్లుడూ, ఇంకో జత చేయించుకున్నావు?" అన్నాడు మామగారు.

ఆమె చొక్కా పక్కన పడేసి వచ్చింది. దవడని చేతిలోకి తీసుకుంది. అరిగిన పళ్ళు ఎలా ఉంటాయో ఆమెకి ఎవరూ చెప్పలేదు. మొనల మీద బొటనవేలు పెట్టి చూసింది. గుచ్చుకున్నట్టుంది, వేలు వెనక్కి తీసుకుంది.

"అరగలేదే!"

"లేదు. నూరేవాడివి ఇలా ఉండవు."

"అయితే రాత్రి చప్పుడెవరిది?"

మామగారు రెండు చేతులూ పైకెత్తేశాడు. "నా వంక చూడకమ్మా. నేను నూరాలంటే లేచి, దీపం వేసి, గ్లాసు వెతుక్కోవాలి."

అతను జేబులోంచి చిన్న అద్దం తీసి ఆమెకిచ్చాడు. "కోరపళ్ళు చూడు. పక్కన కొంచెం మొనదేలి ఉండాల్సినవి."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి పెదవి పైకి లాగి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. రెండు కోరపళ్ళూ ఆకురాయితో రాసినట్టు సమంగా ఉన్నాయి. నాలుకతో తడుముకుంది. ఈ పక్క, ఆ పక్క.

"మన పళ్ళ చప్పుడే మగత నిద్రలో మనకి వినిపిస్తుంది," అన్నాడతను. "పక్కన మనిషి ఉంటే ఆ మనిషిదే అనిపిస్తుంది."

"ఎప్పటినుంచి ఇలా?"

"తెలీదు. నేను చూడలేదు."

"రోజూ మీ ఎదురుగానే కూర్చుంటాను."

"అవును."

ఆమె సంచి వైపు చూసింది. ఉన్నట్టుండి నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "అక్క వాళ్ళింటికి వెళ్ళినా ఈ చప్పుడు వచ్చేదన్నమాట నా వెంట. అక్కడ ఎవరి మీద పెట్టేదాన్నో! పాపం, బావగారి మీద పెట్టేదాన్నేమో." నవ్వు ఎక్కడో దారి తప్పింది. కళ్ళు తుడుచుకుని అద్దం బల్ల మీద బోర్లించింది.

ఇప్పుడు అడగాలి. బల్ల మీది అద్దం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఎవరి మీద?"

"ఇప్పుడా అడుగుతున్నారు?"

"ఇప్పుడే తెలిసింది."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. వాల్వు కారుతోందని రోజూ ఫోను చేసే ఒకాయనతో మొదలుపెట్టింది. ఆయన ఇంటి వాల్వు ఎప్పుడో బాగైంది. ఆయన మాత్రం తిట్టడానికి అలవాటుపడ్డాడు. "నీ మొహానికి ఉద్యోగం ఎవడిచ్చాడు అంటాడు. ఇంకేమైనా సహాయం కావాలాండీ అంటాను నేను." తర్వాత చప్పుడు చేయకుండా ఫోన్లు వినే పైఅధికారిణి. "గొంతులో చిరునవ్వు లేదట. వాడు నన్ను తిడుతుంటే చిరునవ్వు ఎక్కణ్ణుంచి తేను? అరువు తేనా?"

"నేను కూడా ఉన్నానా ఇందులో?" అన్నాడు మామగారు చెవి మిషను సర్దుకుంటూ.

"లేకేం నాన్నా. మాత్ర వేసుకున్నావా అంటే వేసుకున్నానంటావు. దిండు కింద దొరుకుతాయి."

"సరేలే. మొత్తానికి చోటిచ్చావు."

అతను ఎదురుచూశాడు. తనంత తాను రాదని తెలిసి అడిగాడు. "మరి నేను?"

"మీ మీద నూరడానికి పట్టు దొరకదండీ. అదే నా బాధ," అంది ఆమె. "ఆ కుళాయి కట్టేసి లోపలికొచ్చేసరికి మీలో సగం మనిషి కాలవలో పోయి ఉంటాడు. మిగిలిన సగానికి చెవుల్లో దూది."

"ఇల్లు ప్రశాంతంగా ఉండాలని..."

"ప్రశాంతంగానే ఉంది ఇల్లు. నా నోట్లోనే లేదు."

అతను లేచి, ల్యాబు నుంచి తెచ్చిన తన సంచిలోంచి అచ్చు పొడి డబ్బా, పళ్ళెం తీశాడు. ముద్ద కలిపాడు. ఆమె ఏమీ అడక్కుండా నోరు తెరిచింది. పళ్ళెం పెట్టి, "కదలకు, గట్టిపడాలి," అన్నాడు.

"నా కూతురి నోరు మూయించిన మొనగాడివి నువ్వే అల్లుడూ," అన్నాడు మామగారు. ఆమె పళ్ళెం మీదినుంచి తండ్రిని గుడ్లురిమి చూసింది.

ముద్ద గట్టిపడేదాకా చేసేదేమీ లేదు. ఆమె నోరు కదపడానికి లేదు. ఎవరో ఒకరు మాట్లాడాలి. అతను పళ్ళెం పిడి పట్టుకుని, ఆమె ముఖానికి అంత దగ్గరగా కూర్చుని, స్టిక్కర్ల సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఎరుపు ఎలా పసుపైందో, పసుపు తర్వాత ఓనరు ఏ రంగు కొనబోతున్నాడో. మాటలు ముందు తడబడ్డాయి, తర్వాత దారి దొరికింది. ఒక డబ్బాలో దవడకి బదులు ఎవరి మధ్యాహ్న భోజనమో వచ్చిందని చెబుతుంటే ఆమె కళ్ళు నవ్వాయి. చొంగ కారింది. అతను తుడిచాడు. గట్టిపడాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది. అతను చెబుతూనే ఉన్నాడు.

ఆమె అతని చెయ్యి మీద కొట్టింది, ఇక తియ్యమని. తీయగానే అడిగిన మొదటి మాట, "ఇంత జరుగుతుంటే ఇన్నాళ్ళూ ఒక్కటీ చెప్పలేదేం?"

ఆదివారం వాళ్ళు అక్క దగ్గరికి వెళ్ళలేదు. సంచి మాత్రం వెంటనే ఖాళీ కాలేదు. కొన్నాళ్ళు సోఫా పక్కన అలాగే ఉంది. అవసరమైన చొక్కా అవసరమైనప్పుడు అందులోంచే తీసుకున్నారు.

తొడుగు తయారైంది. ఆమె రాత్రి పెట్టుకుంటోంది, మళ్ళీ గదిలోనే. తలనొప్పి పూర్తిగా పోలేదు, కొంచెం తగ్గింది. పొద్దున కడిగి అతని చేతికిస్తుంది. అతను కిటికీ వెలుతురులో తిప్పి చూస్తాడు. ఇప్పుడది ఇంటి పని.

"ఎడమ పక్క, లోపల. కొత్త గీత."

"వాల్వాయన. నిన్న మళ్ళీ చేశాడు."

"ఇక్కడ చిన్నది."

"నాన్న. మాత్ర పూలకుండీలో దొరికింది."

"మరి ఇది? కుడివైపు, ముందు. ఇదే అన్నిటికన్నా లోతు."

ఆమె తొడుగు అతని చేతిలోంచి తీసుకుని డబ్బాలో పెట్టి మూత వేసింది. "అది మీరే కనిపెట్టండి," అని చెప్పులు వేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ల్యాబు నుంచి వచ్చి అతను అలవాటుగా కుళాయి దగ్గర ఆగాడు. మోచేతుల దాకా ప్లాస్టరు ఎండి, మడత పడ్డ చోటల్లా పగుళ్ళిచ్చింది. లోపల ఆమె గొంతు వినిపిస్తోంది, తండ్రిని కేకలేస్తోంది, బాగా గట్టిగా. కుళాయి మీద చెయ్యి వేశాడు. తిప్పలేదు. ఆ చేతులతోనే తలుపు తోశాడు.